తిరుపతి, చిత్తూరు న్యాయవాది శాసనసభకు పోటీ చేయాలంటే

గట్టు తగాదాలో వాదికి మీరు ఇంజంక్షను తెచ్చిపెట్టిన రోజున ప్రతివాది ఇంట్లోని ఓట్లన్నీ మీకు దూరమయ్యాయని లెక్క వేసుకోవాలి. పల్లెల్లో అది ఒక ఇంటితో ఆగదు. అతని దాయాదులు, వియ్యంకులు కూడా ఆ కోపాన్ని మోసుకు తిరుగుతారు. పది పదిహేనేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాదికి చట్టం తెలుసు, అధికారులు తెలుసు, నలుగురిలో నిలబడి మాట్లాడటం తెలుసు. అయితే గెలిచిన ప్రతి కేసు వెనుకా ఓడినవాడొకడు అదే నియోజకవర్గంలో ఉంటాడు. తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో పనిచేస్తూ శాసనసభకు వెళ్లాలని ఆలోచిస్తున్నవారు ఏ పని ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో ఈ చిక్కును దృష్టిలో ఉంచుకుని ఇక్కడ వివరిస్తున్నాను. ప్రస్తుత శాసనసభ 2024 జూన్‌లో కొలువుతీరింది కాబట్టి, మధ్యలో రద్దయితే తప్ప తదుపరి సాధారణ ఎన్నికలు 2029లో రావాలి. కనీసం రెండు మూడేళ్ల ముందస్తు పని లేకుండా దిగితే డిపాజిట్ దక్కడం కూడా కష్టం.

మొదట మీ అర్హతను మీరే పరిశీలించుకోండి

రాజ్యాంగంలోని 173వ అధికరణ ప్రకారం మీరు భారత పౌరులై, 25 ఏళ్లు నిండి ఉండాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 5వ సెక్షను ప్రకారం రాష్ట్రంలో ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు, పోటీ చేసే చోటే ఓటు ఉండాలన్న నియమం లేదు. నేర నిర్ధారణ జరిగి రెండేళ్లకు తగ్గని శిక్ష పడితే ఆ శిక్షా కాలంతో పాటు విడుదలైన తరువాత మరో ఆరేళ్లు అనర్హత ఉంటుంది. ఇవి మీకు కొత్త కావు.

న్యాయవాదులు తరచుగా పట్టించుకోనిది లాభదాయక పదవి ప్రశ్న, అంటే ప్రభుత్వం కింద ఆదాయం వచ్చే పదవిలో ఉన్నందుకు అనర్హత. మీరు ప్రభుత్వ ప్లీడరుగానో, అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటరుగానో, దేవస్థానానికో కార్పొరేషనుకో స్టాండింగ్ కౌన్సిలుగానో ఉంటే నామినేషనుకు ముందే రాజీనామా చేసి, అది ఆమోదం పొందినట్లు రాతపూర్వకమైన ఉత్తర్వు చేతిలో పెట్టుకోవాలి. రాజస్థాన్‌కు చెందిన కాంతా కథూరియా కేసులో ప్రత్యేక ప్రభుత్వ ప్లీడరు నియామకమొక్కటే ఎన్నిక చెల్లుబాటును సుప్రీంకోర్టు వరకు లాక్కెళ్లింది. చివరకు తీర్పు ఆమెకే అనుకూలంగా వచ్చినా, అన్నేళ్ల వ్యాజ్యాన్ని కోరి తెచ్చుకోవలసిన పని మీకు లేదు.

నియోజకవర్గాన్ని ఎంచుకోవడం

పాత ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 శాసనసభ స్థానాలు ఉన్నాయి. వాటిలో సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు షెడ్యూల్డు కులాలకు రిజర్వయినవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు పాత నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన గూడూరు, సూళ్లూరుపేట కూడా రిజర్వుడు స్థానాలే. నియోజకవర్గాల పునర్విభజన జరిగితే హద్దులు మారతాయి. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ ప్రకారం జనగణన, పునర్విభజన పూర్తయ్యాక మూడోవంతు స్థానాలు మహిళలకు కేటాయించాలి. అందువల్ల ఒకే మండలాన్ని నమ్ముకోకుండా పక్కపక్కనున్న రెండు మూడు మండలాల్లో పని పెట్టుకోవడం తెలివైన పద్ధతి.

ఎవరికి ఏ ఊరు అచ్చివస్తుందో ముందుగా చెప్పడం కష్టమే. 2009లో చిరంజీవి తిరుపతి, పాలకొల్లు రెండు చోట్లా పోటీ చేసి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు. అయితే ఆ సూత్రం సినిమా తారకు పనికివచ్చినంతగా మునిసిఫ్ కోర్టు న్యాయవాదికి పనికిరాదు. మీ వకాలత్‌లు ఏ మండలాల నుంచి ఎక్కువగా వచ్చాయో గుమాస్తా చేత ఒక పట్టిక తీయించండి. మీ పేరు ఇప్పటికే తెలిసిన ఊళ్లు ఆ పట్టికలోనే కనిపిస్తాయి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు అయితే ఇంట్లో తమిళం మాట్లాడే ఓటర్లు ఎందరో ఉన్నారు కాబట్టి, ఆ భాషలో పది నిమిషాలైనా తడబడకుండా మాట్లాడగలగాలి.

బార్ అసోసియేషన్ ఎన్నికల్లో గెలిచినంత మాత్రాన జనంలో బలం వచ్చిందని భ్రమపడవద్దు. బార్‌లో ఓటర్లు వందల్లో ఉంటారు, వారిలో చాలామంది ఓటు వేరే నియోజకవర్గంలో ఉండవచ్చు. ఇక్కడ న్యాయవాదులు రాజకీయాల మాట ఎత్తినప్పుడల్లా మాడభూషి అనంతశయనం అయ్యంగార్ పేరు వస్తుంది. తిరుచానూరులో పుట్టి, న్యాయవాద వృత్తి చేసి, 1952లో తిరుపతి నుంచీ, 1957, 1962లో చిత్తూరు నుంచీ లోక్‌సభకు ఎన్నికై, 1956 నుంచి 1962 వరకు స్పీకరుగా ఉన్న వ్యక్తి ఆయన. గర్వించదగిన పేరే కానీ, ఆయన నడిచిన బాట స్వాతంత్ర్యోద్యమం గుండా, జైళ్ల గుండా సాగింది. నేటి బాట తహసీల్దారు కార్యాలయం గుండా పోతుంది.

కేసుల విషయంలో ఎలా మసలుకోవాలి

ఓట్లు పోతాయని కేసులు వదులుకోవడం మంచిది కాదు, వృత్తి ధర్మం కూడా కాదు; తన ముందుకు వచ్చిన బ్రీఫును న్యాయవాది సాధారణంగా స్వీకరించాలనే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి చెబుతుంది. మార్చుకోవలసింది నడిపే తీరు. క్రాస్ ఎగ్జామినేషనులో ఎదుటి పక్షం ముసలాయనను అవమానించకుండానే నిజం రాబట్టవచ్చు. ఆయన మనవళ్లు వెనుక బెంచీలో కూర్చుని అంతా వింటూ ఉంటారు. ఇంటి జాగా, గట్టు, బాట, బావి నీళ్ల వంతు, భాగపరిష్కారం వంటి తగాదాలను వీలైనంతవరకు లోక్ అదాలత్‌కు తీసుకువెళ్లండి. అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, పైగా రాజీ అయిన ఇరుపక్షాలూ ఒకే బస్సులో ఊరికి పోతారు. అలాంటి పది రాజీలు మీకు తెచ్చే పేరును వంద ఫ్లెక్సీలు తేలేవు.

ఈ ప్రాంతంలో జనం న్యాయవాది దగ్గరకు వచ్చేది ఎక్కువగా భూమి గురించే. డీకేటీ పట్టా (ప్రభుత్వం పంచిన భూమి) పొలం 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితాలో పడి రిజిస్ట్రేషను ఆగిపోయిందనో, చుక్కల భూమి (రికార్డులో యజమాని పేరుకు బదులు చుక్కలు పెట్టినది) పేరుతో తాత పేరే రికార్డులో లేదనో, రీసర్వేలో విస్తీర్ణం తగ్గిందనో రైతు సంచీ నిండా కాగితాలు పట్టుకుని వస్తాడు. ఆ సంచీని బల్ల మీద కుమ్మరించి పాత అడంగలు (సాగు రికార్డు), 1బీ (హక్కుల రికార్డు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, పట్టా ఉత్తర్వు వరుసగా పేర్చి, ఏ కాగితం లేదో అతనికి అర్థమయ్యేలా చెప్పగలగడం మీకున్న అసలైన పెట్టుబడి. తరువాత అర్జీ తెలుగులో, ఒక పేజీకి మించకుండా రాసి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రైతు చేతే ఇప్పించండి. రసీదు నంబరును మీ దగ్గర ఒక పుస్తకంలో ఊరివారీగా రాసుకుని, నెల తరువాత మీరే ఫోను చేసి ఏమైందని అడగండి. ఎన్నికల నాటికి ఆ పుస్తకమే మీ ప్రచార పటం అవుతుంది. న్యాయవాది భూమి గురించి చెబితే జనం వింటారనడానికి నిదర్శనం దూరంలో లేదు: ల్యాండ్ టైట్లింగ్ చట్టంపై రాష్ట్రంలోని న్యాయవాదులు విధులు బహిష్కరించి మొదలుపెట్టిన చర్చ 2024 ఎన్నికల్లో ఊరూరా వినిపించింది, ఆ ఏడాదే చట్టం రద్దయింది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెలులో ఉంటే ఆ శిబిరాలకు పార్టీ కండువా వేసుకుని వెళ్లకూడదు. బార్ కౌన్సిల్ నియమావళిలోని 36వ నియమం కేసుల కోసం ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధిస్తుంది కాబట్టి, ఉచిత న్యాయ సలహాకు సంప్రదించండి అంటూ నల్లకోటు ఫొటోతో కరపత్రం వేస్తే ప్రత్యర్థి దానిని నేరుగా బార్ కౌన్సిలుకు పంపుతాడు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కక్షిదారు మీకు చెప్పిన రహస్యం, అతడు రేపు మీ రాజకీయ ప్రత్యర్థి అయినా, వేదిక ఎక్కకూడదు. భారతీయ సాక్ష్య అధినియమంలోని 132వ సెక్షను ఆ బాధ్యత వకాలత్ ముగిశాక కూడా కొనసాగుతుందని చెబుతుంది.

ఓటర్ల జాబితా మీద కూర్చోండి

ఈ పనిలో న్యాయవాదిని మించినవారు లేరు, అయినా దీనిని చేసే న్యాయవాదులు తక్కువ. ఏడాదిలో జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అర్హత తేదీలు; కొత్త ఓటుకు ఫారం 6, తొలగింపునకు లేదా అభ్యంతరానికి ఫారం 7, సవరణకు, చిరునామా మార్పునకు ఫారం 8. ముసాయిదా జాబితా వచ్చిన వారంలో ఒక పోలింగ్ కేంద్రం భాగాన్ని ముద్రించుకుని, ఆ వీధిలో పుట్టి పెరిగిన ఒక మనిషిని వెంటబెట్టుకుని ఇంటి నంబరు వెంట ఇంటి నంబరు చదువుకుంటూ నడవండి. చనిపోయి చాలాకాలమైన తాత, పెళ్లై పోయిన ఆడపిల్ల, బెంగుళూరుకో చెన్నైకో పనికి వెళ్లి అక్కడ కూడా ఓటు చేయించుకున్న కుర్రాడు, ఒకే ఇంటి నంబరు కింద ఇంటికి పట్టనంత మంది పేర్లు, అన్నీ అక్కడే బయటపడతాయి. తిరుపతిలోనైతే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల, మహిళా విశ్వవిద్యాలయం వసతి గృహాలు ఉన్నాయి. అక్కడే నివాసముండే విద్యార్థికి అక్కడ ఓటు పొందే హక్కు ఉంటుంది, అయితే సొంతూరిలో ఓటు ఉంచుకుని ఇక్కడ రెండోది తీసుకోకూడదు.

మీ వర్గం ఓట్లను గుంపుగా తొలగించమని ఎవరైనా ఫారం 7లు వేస్తే, ఆ అభ్యంతరదారు పేరు, సంతకం, జాబితాలో అతని క్రమసంఖ్య అడగండి, ఓటరుకు నోటీసు అందిందో లేదో చూడండి. నమోదు అధికారి నిర్ణయంపై 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 24వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటుకు అప్పీలు చేయవచ్చు. తప్పుడు డిక్లరేషను ఇస్తే 31వ సెక్షను కింద శిక్ష ఉంది. ఓటు తిరిగి తెప్పించిన మనిషిని ఆ ఇంటివారు ఎన్నటికీ మరచిపోరు.

పార్టీలో చోటు

పార్టీలు న్యాయవాదిని సంతోషంగా చేర్చుకుంటాయి, వెంటనే లీగల్ సెల్‌లో కూర్చోబెడతాయి. అర్ధరాత్రి కార్యకర్తకు బెయిలు, పోలీసు స్టేషనులో రాజీ, ఎన్నికల సంఘానికి ఫిర్యాదు, ఇవన్నీ మీరు చేస్తుంటే టికెట్టు మాత్రం వేరొకరికి పోతుంది. లీగల్ సెల్ పని ఒప్పుకోండి, దానితో పాటు ఒక మండలం లేదా కొన్ని పోలింగ్ కేంద్రాల బాధ్యత మీ పేరు మీద రాతపూర్వకంగా అడగండి. సర్వేలలో మీ పేరు జనం నోట పలికితేనే నియోజకవర్గ ఇన్‌చార్జి పదవి గురించి మాట్లాడే బలం వస్తుంది. కార్పొరేటరుగానో, జడ్పీటీసీగానో ఒకసారి గెలిచి ఉండటం కూడా ఉపయోగమే. నీళ్ల కొళాయి, వీధి దీపం గురించి తిట్లు తిన్న అనుభవం కోర్టు నేర్పదు.

స్వతంత్రంగా పోటీ చేయడం చట్టరీత్యా సులభమే, గెలవడం కష్టం. శాసనసభ కాకపోతే మండలి అనుకునేవారికి ప్రకాశం-నెల్లూరు-చిత్తూరు పట్టభద్రుల నియోజకవర్గం ఉంది. దానికి 30 ఏళ్లు నిండాలి, పదవీకాలం ఆరేళ్లు, చివరిసారి 2023 మార్చిలో పోలింగ్ జరిగింది. పట్టభద్రుల జాబితాను ప్రతి ఎన్నికకూ ఫారం 18లతో కొత్తగా తయారు చేస్తారు కాబట్టి, మీవారిని ముందుగా నమోదు చేయించినవారికే అక్కడ పైచేయి.

నామినేషను దాఖలు

నోటిఫికేషను వెలువడిన నాటి నుంచి ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు, మరునాడు పరిశీలన, ఆపైన రెండో రోజు ఉపసంహరణకు గడువు. దాఖలు వేళలు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు; స్వతంత్రులకు, గుర్తింపు లేని పార్టీవారికి పదిమంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గ ఓటర్లే కావాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 5,000. చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే అది గల్లంతే. నాలుగు సెట్ల వరకు వేయవచ్చు కాబట్టి, రెండో సెట్టును పూర్తిగా వేరే ప్రతిపాదకులతో వేయండి. మొదటి సెట్టులో ఒకరి క్రమసంఖ్య తప్పుపడినా రెండోది కాపాడుతుంది. వేలిముద్ర వేసే ప్రతిపాదకుడు రిటర్నింగ్ అధికారి ఎదుటే ముద్ర వేయాలి. మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఆ భాగం ధ్రువీకృత నకలు జతచేయండి. పార్టీ తన అభ్యర్థిగా మిమ్మల్ని గుర్తించే ఏ-ఫారం, బీ-ఫారం ఆఖరి రోజు 3 గంటల లోపు అందాలి. నామినేషను పత్రాలు ఇచ్చిన తరువాత, పరిశీలన రోజు రాకముందే, ప్రమాణం చేసి సంతకం పెట్టడం మరవవద్దు.

నామినేషనుతో ఇచ్చే ఆస్తులు, కేసుల ప్రమాణపత్రమైన ఫారం 26 అఫిడవిట్‌ను గుమాస్తాకు వదలకండి. మీరు, మీ భార్య లేదా భర్త, మీపై ఆధారపడినవారు, ఉమ్మడి కుటుంబం ఉంటే అదీ, అందరి పాన్, ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు, పొలాల సర్వే నంబర్లు, బంగారం, అప్పులు అన్నీ రాయాలి. వర్తించని చోట ఖాళీ వదలకుండా ఏమీ లేదనో, వర్తించదనో రాయాలి. గుర్తు చేశాక కూడా ఖాళీలు నింపకపోతే నామినేషను తిరస్కరించవచ్చని 2013లో రిసర్జెన్స్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బార్ ఆందోళనలో రాస్తారోకో చేసినందుకు నమోదైన పాత కేసు మీరు మరచిపోయినా ఎఫ్‌ఐఆర్ మరచిపోదు, స్టేషన్ల నుంచి ముందే వివరాలు తీయించండి. పెండింగు క్రిమినల్ కేసులు ఉంటే పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించవలసి ఉంటుంది. అఫిడవిట్‌ను మీ చాంబరులోనే కూర్చునే జూనియరు నోటరీ చేత కాకుండా బయటివారి చేత ధ్రువీకరింపజేయడం నా దృష్టిలో మర్యాద.

పరిశీలనలో అభ్యంతరం వస్తే వాదనకు దిగే ముందు 1951 చట్టంలోని 36వ సెక్షనులోని రెండు ఉపసెక్షన్లు చేతిలో ఉంచుకోండి: ముఖ్యం కాని లోపంపై తిరస్కరించకూడదనేది నాలుగోది, సమాధానానికి గడువు అడిగే అవకాశం ఇచ్చేది ఐదోది. తిరస్కరణ జరిగితే రిట్ వేసి ఆపవచ్చని ఆశపడవద్దు. ఎన్నికల్లో కోర్టుల జోక్యాన్ని నిరోధించే రాజ్యాంగ 329వ అధికరణను వ్యాఖ్యానిస్తూ 1952లోనే పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మూసింది. మిగిలేది ఎన్నికల పిటిషనే.

ప్రచారం, ఖర్చు

ఎన్నికల ఖర్చుకు ప్రత్యేక బ్యాంకు ఖాతాను నామినేషనుకు కనీసం ఒకరోజు ముందు తెరవాలి. శాసనసభ అభ్యర్థికి పరిమితి 40 లక్షల రూపాయలు. నామినేషను రోజు నుంచి ఫలితం వరకు రోజువారీ రిజిస్టరు రాయాలి, ఒక మనిషికి లేదా సంస్థకు 10,000 దాటితే చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో చెల్లించాలి. ఆ పరిమితి కాగితం మీదిదేనని నవ్వేవారు మీ చుట్టూ ఉంటారు. అయితే ఆ కాగితం కింద సంతకం న్యాయవాదిదైతే అబద్ధపు లెక్కకు సమాధానం చెప్పుకోవడం మరింత కష్టం.

తిరుపతి అభ్యర్థికి అదనంగా ఒక హెచ్చరిక. తిరుమల కొండ ఆ నియోజకవర్గంలోనిదే. కొండపై రాజకీయ ప్రసంగాలను నిషేధిస్తూ 2024 నవంబరులో దేవస్థానం పాలక మండలి తీర్మానించింది. ప్రార్థనా స్థలాలను ప్రచారానికి వాడకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఎలాగూ చెబుతోంది. కరపత్రంపై స్వామివారి బొమ్మ, లడ్డు మీద ఓటు ప్రమాణం వంటివి 1951 చట్టంలోని 123వ సెక్షను కింద అవినీతి చర్యగా ఆరోపణకు దారి తీస్తాయి. 2017లో అభిరాం సింగ్ కేసులో ఆ సెక్షను పరిధి మరింత విస్తరించింది.

పోలింగ్ రోజున మీ ఏజెంట్లకు చెప్పవలసిన మాట ఒక్కటే: పోలైన ఓట్ల సంఖ్య నమోదు చేసే ఫారం 17సీ నకలు తీసుకోకుండా కేంద్రం వదలవద్దు. లెక్కింపు టేబులు దగ్గర కంట్రోల్ యూనిట్ సంఖ్యను దానితోనే సరిచూస్తారు.

ఫలితం వచ్చిన తరువాత

గెలిచినా ఓడినా ఖర్చుల లెక్కను 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించాలి. లేకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. ఓడినవారు పిటిషను వేయదలిస్తే 45 రోజుల్లో అమరావతిలోని హైకోర్టులో వేయాలి, ఆలస్యాన్ని మన్నించే లిమిటేషను చట్టంలోని 5వ సెక్షను దానికి వర్తించదు.

గెలిచినవారు ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే రోజుకు 500 రూపాయల జరిమానా ఉంది. శాసనసభ్యులు ప్రాక్టీసు చేయకూడదనే నిషేధం లేదని 2018లో అశ్వినీ కుమార్ ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా సొంత నియోజకవర్గ కోర్టుల్లో కొనసాగవద్దనే చెబుతాను. పొద్దున బోనులో మీరు క్రాస్ చేసిన తహసీల్దారుకు సాయంత్రం శాసనసభ్యునిగా మీరే ఫోను చేయవలసి వస్తుంది, ఆ రెండింటిలో ఏదో ఒకటి చెడుతుంది. వకాలత్‌ల నుంచి తప్పుకునేటప్పుడు ప్రతి కక్షిదారుకూ సహేతుకమైన గడువుతో లేఖ రాయండి, వాయిదా తేదీ అందులో పేర్కొనండి, కొత్త వకాలత్ మీద అభ్యంతరం లేదని సంతకం పెట్టి కేసు కాగితాల కట్ట అప్పగించండి. చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలని బార్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది కాబట్టి, ఆ మొత్తాన్ని కూడా లెక్కగట్టి, రసీదు తీసుకుని చెల్లించండి.